సముద్రతీర శిబిరము: స్థలము, కాలము, నడవడి

శీతకాలము వచ్చినదనిన మన యువజనుల మనస్సు సముద్రమువైపు మరలుట సహజము. బరంపురము, ఛత్రపురము, గోపాలపురములలో తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబముల పిల్లలు నలుగురు చేరి, ఒడ్డున డేరాలు వేసికొని రెండు మూడు దినములు గడిపి రావలెనని ముచ్చటపడుచుందురు. ఈ కోరికను మేము మనసార హర్షించుచున్నాము. కాని కోరిక వేరు, ఏర్పాటు వేరు. శిబిరము జయప్రదమగుటయు, అభాసుపాలగుటయు చాలవరకు బయలుదేరుటకు ముందే నిర్ణయమై యుండును. కావున స్థలము, కాలము, సామగ్రి, నడవడి అను నాలుగు విషయములను గూర్చి మా అభిప్రాయమును తెలుపుచున్నాము.

పెద్దలలో కొందరికి ఈ శిబిరములే రుచింపవు. ఇంటిలో మంచములుండగా ఇసుకలో పండుకొననేల, ఆ ధనముతో పుస్తకములు కొనరాదా యని వారందురు. పుస్తకములు కొనవలసినదే, అందులకు మేము అడ్డు చెప్పము. అయితే సముద్రమునకు గడియ ప్రయాణము దూరమున పుట్టి పెరిగియు, ఆటు ఏదో పోటు ఏదో యెరుగని పిల్లలు మన యిండ్లలో ఎందరు లేరు? ఏ తీరమున నివసించుచున్నామో ఆ తీరమును ఎరుగకుండుట చదువులోని లోపమే. ఆ లోపమును పుస్తకమొక్కటియే తీర్చజాలదు.

ఇక స్థలము. గుడారములకు తగిన చోటేదని యడిగిన పలువురు ఋషికుల్య మొగను చూపుదురు. ఒకవంక నది, ఒకవంక సముద్రము, నడుమ విశాలమైన ఇసుకతిన్నె. చూపులకు అంతకన్న సుందరమైన చోటు గంజాము జిల్లాలో అరుదు. కాని ఆ తిన్నెకు మనకన్న ముందునుండి హక్కుదారులు కలరు. ఆలివ్ రిడ్లీ యనబడు సముద్రపు తాబేళ్లు వేలకు వేలు అక్కడకు వచ్చి ఇసుకను త్రవ్వి గ్రుడ్లు పెట్టును. ఇది గ్రామస్థులెరిగిన సంగతియే యైనను, శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది 1994లో. ఒక్కొక్క తాబేలు సుమారు నూరు గ్రుడ్లు పెట్టును. 2025 ఫిబ్రవరిలో ఈ యొక్క తీరమునందే ఆరు లక్షలకు పైగా తాబేళ్లు వచ్చినట్లు లెక్క తేలినది. కొన్ని సంవత్సరములలో అవి గుంపులుగా రాకుండుటయు కలదు.

సాధారణముగా ఫిబ్రవరి, మార్చి నెలలలో గ్రుడ్లు పెట్టుట జరుగును. ఇంచుమించు ఏబది దినములకు పిల్లలు వెలువడును. రాత్రివేళ ఇసుకనుండి బయటపడిన పిల్ల వెలుతురు ఎటనున్న అటు నడచును. దీపములు లేని తీరమున సముద్రముపైని ఆకాశమే ఎక్కువ వెలుగుగా నుండును గనుక అది తిన్నగా నీటిని చేరును. ఒడ్డున ఒక పెట్రోమాక్సు దీపమో, విద్యుద్దీపమో, చలిమంటయో యున్నచో దారి తప్పి మెరకకు ప్రాకి, తెల్లవారునప్పటికి కాకులకును కుక్కలకును ఆహారమగును. గుడారపు మేకు దిగిన చోట ఎన్ని గ్రుడ్లు చితికినవో దిగగొట్టినవానికి తెలియదు. ఈ జీవములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలులో రక్షణ కలదు. కాని ప్రతి గజమునకు ఒక కావలివాని నుంచుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. అటవీశాఖవారితోపాటు తీరగ్రామముల యువకులు రాత్రులు మేలుకొని కాపాడుచుండుటచేతనే ఈ సంపద నిలిచినది.

అట్టి అద్భుతమును మన పిల్లలు చూడవలదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. చూడవలెను. కాని చూచుట వేరు, అక్కడ మకాము వేయుట వేరు. అటవీశాఖవారి అనుమతి పొంది, వారు చెప్పిన వేళకు, చిన్న జట్టుగా, దీపము లేకుండ, నిశ్శబ్దముగ పోయి చూచి మరలి రావచ్చును. పెండ్లివారింటికి పోయి పెండ్లికూతురి గదిలో పడక వేయుదుమా? ఫిబ్రవరి మొదలు మే వరకు ఋషికుల్య మొగవద్ద శిబిరము కూడదని మా నిశ్చితాభిప్రాయము.

మరి ఎక్కడ? చిలక సరస్సు దక్షిణపు కొననున్న రంభ తగిన చోటని మేము సూచించుచున్నాము. అది హౌరా-చెన్నై రైలుమార్గమునందలి స్టేషను. పిల్లలను చేర్చుట సులభము. అక్కడ కొండలు, ఉప్పునీటి సరస్సు, చిన్న చిన్న దీవులు ఒక్కచోటనే కానవచ్చును. 1981లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద గుర్తింపు పొందిన మన దేశపు తొలి జలభూములలో చిలక యొకటి. పూడిక చేత సముద్రపు నీరు రాక సరస్సు క్షీణించుచుండగా 2000లో క్రొత్త మొగను త్రవ్విరి. చేపలు మరల వృద్ధి పొందినవి. మానవుడు చెరుపగలిగినట్లే బాగుచేయనుగలడని పిల్లలకు చూపుటకు ఇంతకన్న చక్కని నిదర్శనము దగ్గరలో లేదు. శీతకాలమున దూరదేశములనుండి లక్షల పక్షులు అచ్చటకు చేరును. నలబణ ద్వీపము వాటికి అభయారణ్యము గనుక పడవను దూరముననే నిలిపి చూడవలెను. గుడారములకు స్థలమును స్థానికాధికారులను ముందుగా నడిగి, అనుమతిని వ్రాతమూలకముగ పొందవలెను.

కాలమును గూర్చి రెండు మాటలు. దసరా సెలవులలో శిబిరము పెట్టరాదు. అక్టోబరు మన తీరమునకు గాలివానల నెల. 1999 అక్టోబరు 29నాటి పెనుతుపానులో ఒడిశాలో దాదాపు పదివేలమంది మరణించిరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము చెంతనే తీరము దాటినది. అప్పుడు సుమారు పదిలక్షల జనమును ముందుగా తరలించుటచేత ప్రాణనష్టము పదులలో ఆగినది. ముందుచూపు విలువ ఈ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో తెలియును. కావున డిసెంబరు, జనవరి నెలలే శ్రేష్ఠము. అప్పుడైనను వాతావరణశాఖవారి ప్రకటనను చూడక బయలుదేరరాదు.

సామగ్రి విషయమున ఆడంబరము వలదు. ఇసుకలో మామూలు మేకు నిలువదు. గోనెసంచులలో ఇసుక నింపి త్రాళ్లకు కట్టి పాతిపెట్టవలెను. సముద్రపుటొడ్డున దిగువారు పోటునీరు విడిచిన చెత్తగీతకు చాల ఎగువన డేరా వేయవలెను; అమావాస్య, పౌర్ణములకు నీరు ఇంకను ముందుకు వచ్చునని మరువరాదు. సరుగుడు తోటలో ఎండుటాకుల నడుమ పొయ్యి రాజేయుట ప్రమాదకరము. త్రాగుటకును వంటకును మనిషికి దినమునకు అయిదు లీటర్ల మంచినీరు వెంటనుండవలెను. తీసికొనిపోయిన ప్రతి కాగితము, ప్రతి సీసా మరల ఇల్లు చేరవలెను.

స్నానము విషయమున కఠినముగనే చెప్పుచున్నాము. నదీముఖమున ఎవ్వరును నీట దిగరాదు. ఒడ్డునుండి లోనికి లాగు ప్రవాహము ఈతగానిని సైతము అలయజేయును. అందు చిక్కినవాడు ఒడ్డుకు ఎదురీదక, తీరము వెంబడి ప్రక్కకు ఈది తప్పించుకొనవలెను. తోడుగా సముద్రమెరిగిన బెస్తవాడు లేనిచో స్నానమే వలదు.

అట్టి తోడు మనకు కొరత కాదు. గోపాలపురము మొదలు పూరీ వరకు ఒడియావారు నోలియాలని పిలుచు జాలరులలో పెక్కుమంది ఇండ్లలో మాటలాడునది తెలుగే. పూరీలో యాత్రికుల చేయి పట్టుకొని కెరటములలో స్నానము చేయించువారు వారే. తాబేళ్ల రక్షణకై నవంబరు మొదలు మే నెలాఖరు వరకు ఋషికుల్య మొగకు ఇరువది కిలోమీటర్లలోపు సముద్రమున చేపలవేటను నిషేధింతురు. ఆ నిషేధపు బరువును మోయుచున్నవారును వారే. పట్టణములందలి మనము తెలుగును సభలలో కీర్తించుచున్నాము. వారు దానితో గాలిని, నీటిని, చేపను కొలుచుచున్నారు. శిబిరమునకు పోవు పిల్లలు వారిని 'నీవు' అని పిలువక, తాతా, మామా, అత్తా యని పలుకరింపవలెను. ఒక పూట తెప్ప దగ్గర కూర్చుండి వారి మాటలు వినవలెను. వలభాగములకు, కెరటముల జాతులకు, గాలులకు వారు వాడు పేర్లను వ్రాసికొనవలెను. వారి శ్రమకు తగిన కూలిని బేరమాడక చెల్లింపవలెను. ఊరక పని చేయించుకొని ఆప్యాయత యనుట మర్యాద కాదు.

వ్యయము కొంత పెరుగును, ఋషికుల్య తిన్నెపై నిద్రించిన గొప్ప తగ్గును, ఇవి నిజమే. కాని మనము వెడలి వచ్చిన తరువాత అక్కడ మన జాడ యేమియు మిగులకుండుట, మన పిల్లల నోట నాలుగు క్రొత్త మాటలు మిగులుట, ఈ రెండును సాధించిన శిబిరమే శిబిరమని మేము భావించుచున్నాము. యువజన నాయకులును, తల్లిదండ్రులును ఇప్పుడే కూర్చుండి దినములు నిర్ణయించి, అనుమతులకై వ్రాయవలెనని కోరుచున్నాము.