పాలసీ కొనే ముందు ఇంట్లో చేతులు లెక్కపెట్టండి

— నర్సింగ్ సూపరింటెండెంట్



ఈ మధ్య వార్డులోనూ, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలోనూ నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "సిస్టర్ గారూ, పెద్దవయసులో మంచాన పడితే చూసుకోవడానికి డబ్బిచ్చే ఇన్సూరెన్స్ ఉందట కదా, తీసుకోమంటారా?" అమెరికాలో ఉన్న పిల్లలు ఫోనులో చెప్పారని కొందరు, ఏజెంటు ఇంటికి వచ్చి చెప్పాడని కొందరు అడుగుతున్నారు. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే విషయం కాదు గనుక నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను. నేను ఇన్సూరెన్స్ ఆఫీసరును కాను. మంచాన పడ్డవారిని చూసుకోవడం నా వృత్తి. ఆ వైపు నుండే చెబుతాను.

ముందుగా నా మాట. ఆరోగ్య బీమా తప్పక ఉండాలి. అయితే అది మంచాన పడ్డ మనిషిని చూసుకుంటుందని మాత్రం అనుకోకండి. ఆ పనికి వేరే డబ్బు కావాలి, మనుషులు కావాలి. ఆ రెండూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే సమకూర్చుకోవాలి.

పిల్లలు చెప్పే బీమా ఏది?

దీన్ని లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్స్ అంటారు. జర్మనీలో 1995 నుండి, జపానులో 2000 నుండి ఇది చట్టం ప్రకారం నడుస్తోంది. జపానులో 40 ఏళ్లు వచ్చిన ప్రతివారూ దానికి చందా కట్టాలి. అమెరికాలో అలా కాదు. అక్కడ 65 దాటినవారికి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్, రోజువారీ సంరక్షణకు ఏళ్ల తరబడి డబ్బు ఇవ్వదు. అందుకని కొందరు ప్రైవేటు పాలసీ కొంటారు. స్నానం, బట్టలు వేసుకోవడం, తినడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీది నుండి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం — ఈ ఆరింటిలో కనీసం రెండు సొంతంగా చేసుకోలేనప్పుడు, లేదా మతిమరుపు వ్యాధి బాగా ముదిరినప్పుడు ఆ పాలసీ డబ్బు ఇస్తుంది. అదీ చాలా పాలసీల్లో మొదటి మూడు నెలల ఖర్చు మనమే పెట్టుకున్న తర్వాత. అక్కడ కూడా కొన్నేళ్లు కట్టాక ప్రీమియం బాగా పెంచితే, కట్టలేక మధ్యలో వదులుకున్న పెద్దవాళ్లున్నారు.

అక్కడ స్థిరపడిన మన పిల్లలు తమ కోసం ఆలోచించుకోవలసిన విషయమే ఇది. కానీ వారి పేరున ఉన్న పాలసీ ఇక్కడున్న తల్లిదండ్రులకు వర్తించదు. మన దేశంలో జర్మనీ, జపాను లాంటి పథకం లేదు. అమెరికాలో మాదిరి విడి పాలసీ కూడా మామూలుగా దొరకదు. ఇక్కడ ఏజెంటు ఆ పేరుతో చూపించేది చాలావరకు మామూలు ఆరోగ్య పాలసీ, లేదా క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ. ఏది చూపిస్తున్నాడో ముందు తెలుసుకోవాలి.

మన పాలసీ ఎక్కడి వరకు వస్తుంది?

మామూలు ఆరోగ్య పాలసీ ఆస్పత్రిలో కనీసం 24 గంటలు చేరి చేయించుకున్న వైద్యానికి, ఒక్కరోజులో అయిపోయే కొన్ని చికిత్సలకు డబ్బు ఇస్తుంది. చేరడానికి ముందు, డిశ్చార్జి తర్వాత కొన్ని రోజుల మందులు, పరీక్షలు కూడా ఇస్తుంది. 2020 ఏప్రిల్‌లో అన్ని కంపెనీలకు ఒకే మాదిరిగా వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో ఇది ముందు 30 రోజులు, తర్వాత 60 రోజులు.

అరవయ్యొకటో రోజున ఎవరు చూస్తారు? మీ పాలసీ పుస్తకంలో మినహాయింపుల పేజీ తీసి కోడ్ 05 చదవండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మినహాయింపుల మాటలన్నీ ఒకే మాదిరి చేసింది గనుక ఈ కోడ్ చాలా పాలసీల్లో ఉంటుంది. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, అటూ ఇటూ నడిపించడం వంటి పనులకు, అవి ఇంట్లో జరిగినా నర్సింగ్ కేంద్రంలో జరిగినా, నర్సు చేసినా ఆయా చేసినా, డబ్బు ఇవ్వబోమని అక్కడ ఉంటుంది. చివరి దశలో ఉన్నవారికి చేసే ఆదరణ సేవలు కూడా అందులోనే ఉన్నాయి. ఫలానా కంపెనీ హోం కేర్ ఇస్తుందని ఎవరైనా చెబితే, ఆ వాక్యం పాలసీలో ఎక్కడ రాసి ఉందో చూపించమనండి.

డొమిసిలియరీ అనే మాటతో కూడా చాలామంది పొరబడతారు. దాని అర్థం, ఆస్పత్రిలో జరగవలసిన వైద్యాన్ని, రోగిని కదపలేకనో పడక దొరక్కనో, డాక్టరు చెప్పినట్లు ఇంట్లో చేయించడం. అంతేగాని ఏళ్ల తరబడి మంచాన ఉన్నవారిని చూసుకోవడం కాదు.

క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ వేరు. అందులో రాసి ఉన్న జబ్బు వస్తే ఒక్కసారిగా మొత్తం ఇస్తారు. ఆ డబ్బుతో ఆయాను పెట్టుకోవచ్చు, ఇంటి అప్పు తీర్చుకోవచ్చు. కాని పక్షవాతానికైతే మూడు నెలల తర్వాత కూడా లోపం మిగిలి ఉందని నిరూపించాలి. జారిపడి తుంటి ఎముక విరిగినా, వయసుతో నీరసించి మంచాన పడినా ఇది మామూలుగా రాదు. సంపాదిస్తున్న 50 ఏళ్ల లోపువారికి పనికివస్తుందని నా అభిప్రాయం. 65 ఏళ్ల అమ్మగారికి దీన్ని మంచాన పడ్డప్పటి పాలసీ అని అమ్మడం మాత్రం సరికాదు.

డిశ్చార్జి తర్వాత మొదలయ్యే పని

పక్షవాతం వచ్చిన రోగి మా దగ్గర పది రోజులుంటే ఇంట్లో పదేళ్లు ఉండవచ్చు. ఆ ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. అంటే రాత్రీ పగలూ కలిపి 12 సార్లు. ముక్కు గొట్టం ఉంటే ప్రతిసారీ తలవైపు ఎత్తి కూర్చోబెట్టినట్లు ఉంచి పోయాలి, తర్వాత అరగంట అలాగే ఉంచాలి, లేకపోతే పాలో జావో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు శుభ్రం చేయాలి. మూత్రం సంచి నిండకముందే పారబోయాలి. కాళ్లూ చేతులూ బిగుసుకుపోకుండా వ్యాయామం చేయించాలి. ఒళ్లు తుడవాలి, పక్కగుడ్డలు మార్చాలి. వీటిలో కష్టమైన చదువు కావలసిన పని ఏదీ లేదు. కాని ఏ ఒక్కటీ రేపటికి వాయిదా వేయడానికి వీల్లేదు. నడుము మీద రూపాయి బిళ్లంత ఎర్రమచ్చను అశ్రద్ధ చేస్తే వారంలో ఎముక కనిపించే పుండు కావచ్చు. అప్పుడు మళ్లీ ఆస్పత్రికి రావాలి. ఆ పుండుకు చేసే వైద్యానికి పాలసీ డబ్బు ఇవ్వవచ్చు. పుండు పడకుండా తిప్పే చేతికి మాత్రం ఇవ్వదు.

ఇక ఖర్చు. ఆయా జీతం ఊరిని బట్టి మారుతుంది. మీ ఊళ్లో ఎంతో అడిగి రాసుకోండి. లెక్క కోసం జీతం నెలకు 15,000, డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ 6,000 అనుకుందాం. నెలకు 21,000. ఏడాదికి 2,52,000. మూడేళ్లకు 7,56,000. అదే ఇంట్లో సంపాదిస్తున్న దంపతులు 50వ ఏట మొదలుపెట్టి నెలకు 5,000 చొప్పున పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పదేళ్లు వేస్తే వడ్డీ కాకుండానే 6 లక్షలు అవుతుంది. మంచాన పడకపోతే ఆ డబ్బు ఎక్కడికీ పోదు, మీదే. ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. అందుకే లేని పాలసీ కోసం వెతకడం కన్నా ఈ విడి నిధి మేలని నేను అంటున్నాను.

ఏ వయసు వారు ఏం చేయాలి?

45 నుండి 60 ఏళ్లవారు: కుటుంబానికి ఆరోగ్య పాలసీ ఇప్పుడే తీసుకోండి. షుగరు, బీపీ ఉంటే దాచకుండా రాయించండి. ముందునుండి ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలం 2024 నుండి గరిష్ఠంగా మూడేళ్లే. వరుసగా ఐదేళ్లు కట్టాక, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో కంపెనీ క్లెయిము తిరస్కరించలేదు. పాలసీతోపాటే పైన చెప్పిన నిధి కూడా మొదలుపెట్టండి.

60 నుండి 70 ఏళ్లవారు: 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరనే మాట ఇప్పుడు పాతబడింది. 2024 ఏప్రిల్ నుండి ఆ వయసు నిబంధన తీసేశారు. ప్రీమియం ఎక్కువే ఉంటుంది. అయితే 2025 జనవరి ఆదేశం ప్రకారం, పెద్దవయసు వారి ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుండి లేదు. ఇన్ని ఉన్నా, ప్రీమియం కట్టడానికి చేతి కింద ఉన్న ఆఖరి డబ్బు తీయవలసి వస్తే వద్దనే చెబుతాను.

70 నిండినవారు: కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ప్రారంభించిన ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి. ఆదాయంతో పని లేదు, ఆధార్ చాలు. కుటుంబంలో 70 దాటినవారందరికీ కలిపి ఏడాదికి 5 లక్షల వరకు, ఆ పథకంలో చేరిన ఆస్పత్రుల్లో వైద్యం. ఇది కూడా ఆస్పత్రి వరకేనని మరువకండి.

ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా పింఛను 2024 జులై నుండి నెలకు 15,000 చేశారు. సంరక్షణకు నేరుగా పనికివచ్చే ప్రభుత్వ సహాయం ఇది. అర్హత ఉన్నవారు సర్టిఫికెట్లు సిద్ధం చేసుకుని సచివాలయంలో అడగండి.

చేతుల లెక్క

డబ్బు లెక్క అయ్యాక చేతుల లెక్క చేయాలి. చాలా ఇళ్లలో ఇది ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. పెద్దబ్బాయి విదేశం నుండి డబ్బు పంపుతాడు, రెండోవాడు హైదరాబాదు నుండి నెలకోసారి వస్తాడు, ఊళ్లో ఉన్న కోడలో, పెళ్లికాని కూతురో ఉద్యోగం మానేసి రాత్రిళ్లు మేలుకుంటుంది. పాలసీ లేని ఇంట్లో ప్రీమియం కడుతున్నది ఆమే. నడుము నొప్పితో, రక్తహీనతతో చివరికి మా ఓ.పి.కి వచ్చేదీ ఆమే. "మా అత్తగారిని చూసుకోవడం నా బాధ్యత సిస్టర్" అని ఆమె అనవచ్చు. ఆ మాట ఆమె గొప్పతనం. దాన్ని ఆసరాగా తీసుకుని మిగిలినవారు తప్పుకోవడం న్యాయం కాదు.

అందుచేత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకసారి కూర్చుని మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. ఎవరు ఎంత ఇస్తారు? దగ్గరుండి చూసుకునేవారికి వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఎవరు ఇస్తారు? ఆమె పోగొట్టుకున్న జీతం ఎలా పూరిస్తారు? పెద్దవాళ్లు కూడా ఆ మాటల్లో ఉండాలి. ఇల్లు పిల్లల పేరున రాసేటట్లయితే, తమను చూసుకోవాలనే షరతు దస్తావేజులోనే రాయించుకోండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం, ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ రాత రద్దు చేయించుకోవచ్చు.

ఏజెంటును అడగవలసిన ప్రశ్నలు

1. ఆస్పత్రిలో చేరకుండా ఇంట్లో ఆయాను పెట్టుకుంటే డబ్బు ఇస్తారా? ఏ పేజీలో ఉంది?
2. రోజుకు ఎంత, ఎన్ని రోజుల వరకు?
3. మతిమరుపు వ్యాధి, తుంటి ఎముక విరగడం ఇందులో ఉన్నాయా?
4. ఎంతకాలం ఆగాలి?
5. నాకు 75 ఏళ్లు వచ్చేసరికి ఈ ప్రీమియం ఎంత అవుతుంది?

జవాబులు నోటిమాటగా కాక రాతలో తీసుకోండి. పాలసీ చేతికి వచ్చిన 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. కంపెనీ మీద ఫిర్యాదు ఉంటే ఐఆర్‌డీఏఐ నంబరు 155255కు ఫోను చేయండి.

బీమా తీసుకోవడం అవిశ్వాసం అనేవారు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. ఏడేళ్ల కరువు కోసం ముందే ధాన్యం నిలవ చేయించిన యోసేపును మనం అవిశ్వాసి అనడం లేదు కదా. ముందుచూపు తప్పు కాదు. కార్డు కొని బాధ్యత తీరిపోయిందనుకోవడమే తప్పు.

చివరగా ఒక మనవి. మీ ఇంటి రోగికి డిశ్చార్జి చెప్పిన రోజున బిల్లు గురించి మాత్రమే అడగకండి. రెండు రోజుల ముందే వార్డు సిస్టరు దగ్గరకు ఇంట్లోవారు ఇద్దరు రండి, అందులో ఒక మగవాడు ఉండాలి. పక్కకు తిప్పడం, గొట్టంలో పోయడం, పక్కగుడ్డలు మార్చడం మీ చేత చేయించి చూపిస్తాము. అడగడానికి మొహమాట పడవద్దు, దీనికి ఫీజు లేదు.