గూడబాతు ముక్కు మీది మచ్చలు

సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో తెల్లవారుజామున గూడబాతును ఫొటో తీశారనుకోండి. వెలుతురు చాలదు కాబట్టి కెమెరాలో ఐ.ఎస్.ఓ.ను 3200కు పెంచుతారు. బొమ్మ నిండా ఇసుక చల్లినట్లు రంగు నలుసులు కనిపిస్తాయి. వీటినే నాయిస్ అంటారు. కంప్యూటరులో తగ్గించవచ్చు. అయితే ఎంతవరకు?

ఆకాశం, నీరు ఉన్నచోట ఎంత తగ్గించినా పెద్ద నష్టం లేదు. పక్షి మీద మాత్రం చెయ్యి ఆగాలి. ఈకల మీది సన్నగీతలకూ నలుసులకూ తేడా ప్రోగ్రాముకు సరిగా తెలియదు, రెండింటినీ తుడిచేస్తుంది. ఈ గూడబాతుకు పైముక్కు మీద మచ్చలుంటాయి. పిల్లలకు ఏడాది దాటితేగాని అవి రావు. దూరం నుంచి తీసిన బొమ్మలో ఆ మచ్చలు చెరిగిపోతే, పెద్ద పక్షిని చూసి పిల్ల అనుకుంటాం. అందం కోసం అబద్ధమాడినట్లే కదా!

షార్పెనింగ్, అంటే అంచులను పదును చేయడం, నాయిస్ తగ్గించిన తరువాతే చేయాలి. ముందే చేస్తే నలుసులే పదునెక్కుతాయి. కంటికి, ఈకలకు కొద్దిగా చాలు. మితిమీరితే రెక్క అంచు వెంట లేని తెల్లగీత పుడుతుంది. నా మటుకు నాకు నున్నని బొమ్మకంటే కాస్త గరుకైనదే నమ్మదగినదిగా తోస్తుంది. పోటీలకు పంపేవారు ఒప్పుకోకపోవచ్చు.