టీచర్ సీటు ఉన్నది, టీచర్‌కే తొవ్వ లేదు

ఎన్నిక ఏదన్న గానీ, ముందురోజు పోలింగ్ సామాను పట్టుకొని ఊరి బడికి వచ్చేది ఎవరు? శానా కాడ పంతుళ్లే. ఆ రాత్రి బడిలనే బెంచీలు కలుపుకొని పండుతరు. తెల్లారి ఓట్లు వేయిస్తరు. పంచాయితీ ఎన్నికలైతే మధ్యాహ్నం కూసొని లెక్క గూడ పెడ్తరు. ఓటర్ల లిస్టు పట్టుకొని ఇల్లిల్లు తిరిగే బీఎల్వో పని గూడ ఎన్నో ఊర్లల్ల వాళ్ల నెత్తి మీదనే ఉన్నది. ఎన్నిక మొత్తం టీచర్ చేతుల మీద నడుస్తది. గానీ బ్యాలెట్ పేపర్ మీద సర్కారు టీచర్ పేరు మాత్రం ఉండదు. సర్పంచ్‌కు గాదు గదా, వార్డు మెంబర్‌కు గూడ నిలవడానికి లేదు.

"సర్కారు నౌకరి చేసేటోనికి రాజకీయం ఎందుకే" అని మీరు అనచ్చు. ఆ మాటల సగం న్యాయం ఉన్నది, దాని కాడికి నేనే వస్త. ముందుగాల మన రాజ్యాంగం టీచర్ల కోసమే పెట్టిన సీటు సంగతి చూద్దాం. అది ఎవల చేతిల పడ్డదో తెలిస్తె మిగిలిన కథ అల్కగ సమజైతది.

రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం శాసనమండలి ఉన్న రాష్ట్రంల పన్నెండో వంతు సీట్లు టీచర్ల ఓట్లతోని నిండాలె. తెలంగాణ మండలిల 40 సీట్లుంటె టీచర్లయి 3. ఆంధ్రప్రదేశ్‌ల 58 ఉంటె టీచర్లయి 5. చదువు చెప్పేటోళ్ల గొంతు చట్టాలు చేసే కాడ వినపడాలె అన్నది దీని ఎనుక ఆలోచన. ఆలోచన మంచిదే. గానీ ఆ సీటు చుట్టు మూడు గోడలున్నయి.

మొదటి గోడ ఓటు కాడనే ఉన్నది. హైస్కూల్ స్థాయికి తక్కువ కాని బడులు, కాలేజీలల్ల గడిచిన ఆరేండ్లల్ల మూడేండ్లు పాఠం చెప్పినోళ్లకే ఈ ఓటు. అంటె ప్రైమరీ బడిల అ ఆ లు దిద్దిపిచ్చే ఎస్జీటీ సారుకు, మేడంకు టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికల ఓటే లేదు. ఐదు తరగతులకు ఒక్కరే ఉండి, మధ్యాహ్నం బువ్వ లెక్క గూడ రాసే మనిషి రాజ్యాంగం లెక్కల టీచర్ కిందికి రాకపాయె! ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్‌కు ఉన్న ఓటు, తండాల ఒంటరిగ బడి నడిపే మేడంకు లేదు.

రెండో గోడ పోటీ కాడ. టీచర్ సీటుకు పోటీ చేసేటోళ్లు టీచరే కావాలని ఎక్కడ రాసి లేదు. వయసు 30 నిండాలె, రాష్ట్రంల ఓటరై ఉండాలె, గంతే. మద్రాసు మండలి గ్రాడ్యుయేట్ సీటు మీద ఇసొంటి లొల్లే సుప్రీంకోర్టు దాక పోయింది. గ్రాడ్యుయేట్లు ఓటేసే సీటుకు పోటీ చేసేటోడు గ్రాడ్యుయేట్ కానక్కర లేదని 1972ల కోర్టు తేల్చింది. టీచర్ సీటుకు గూడ అదే సూత్రం. సరే, బయటోళ్లు వస్తె రానియ్యుండ్రి. గానీ లోపలోనికి దారి ఏది? సర్కారు టీచర్ నామినేషన్ వేయాలంటె ముందు నౌకరికి రాజీనామా పెట్టాలె, అది మంజూరు గూడ కావాలె. 191వ అధికరణల ఉన్న "లాభదాయక పదవి" నిబంధన అడ్డం వస్తది, 1964 నాటి ప్రవర్తనా నియమాలు అడ్డం వస్తయి. ఓడిపోతె మళ్ల బడికి వచ్చే తొవ్వ లేదు. ఇరవై ఏండ్ల సర్వీసు, పిల్లల చదువులు, ఇంటి లోను అన్ని ఒక్క నామినేషన్ కాగితం మీద పందెం పెట్టాలె. ఎంతమంది పెడ్తరు? అందుకే రిటైర్మెంట్ దగ్గరికొచ్చిన సంఘం నాయకులే ఎక్కువగ బరిల కనపడ్తరు. ముప్పై ఐదేండ్ల టీచర్ కనపడడు.

మూడో గోడ పైసలది. ఈ ముచ్చట శానామందికి తెల్వదు, జర ఆగి సదువుండ్రి. తెలంగాణల ఐదు వేల జనం దాటిన ఊర్ల సర్పంచ్ అభ్యర్థి 2.5 లక్షల దాక ఖర్చు పెట్టచ్చు, చిన్న ఊర్లయితె 1.5 లక్షలు. ఎమ్మెల్యే అభ్యర్థికి 40 లక్షలు. మరి ఎమ్మెల్సీ ఎన్నికకు? హద్దే లేదు. ఎంతన్న పెట్టచ్చు. 2025ల మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్ టీచర్ సీటుకు ఉన్న ఓటర్లు సుమారు 27 వేల మంది. అంటె పెద్ద మండలమంత ఓట్లు, పాత నాలుగు జిల్లాలంత జాగ, ఖర్చుకు హద్దు లేదు. జీతం మీద బతికేటోడు ఈ లెక్కల ఎక్కడ నిలవడ్తడు?

ఆ సీటును బీజేపీ నుంచి మల్క కొమరయ్య గెలిచిన్రు. ఆయన విద్యాసంస్థలు నడిపే మనిషి. అదే ఎన్నికల వరంగల్-ఖమ్మం-నల్గొండ సీటును పీఆర్టీయూ నాయకుడు పింగిలి శ్రీపాల్ రెడ్డి గెలిచిన్రు. ఇద్దర్నీ ఓటేసి గెలిపిచ్చింది టీచర్లే, అండ్ల తప్పు వట్టేదేం లేదు. నా ప్రశ్న వాళ్ల మీద గాదు, రూలు మీద. బడి యజమాని తన బడిని ఇడిసిపెట్టకుంటనే టీచర్ సీటుకు పోటీ చేయచ్చు. అదే సీటుకు సర్కారు బడిల పాఠం చెప్పే మనిషి పోటీ చేయాలంటె బతుకుదెరువు ఇడిసిపెట్టాలె. ఇది ఏ తీరు సమానత్వం?

ఇగ ప్రైవేటు బడి టీచర్ల కాడికి వద్దాం. మన ఊర్లల్ల డిగ్రీ, బీఈడీ చేసి డీఎస్సీ కోసం ఎదురుజూస్తున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు శానామంది గీ బడులల్లనే ఉన్నరు. వీళ్లకు చట్టం అడ్డం రాదు. 21 ఏండ్లు నిండితె సర్పంచ్‌గ నిలవచ్చు, వార్డుకు నిలవచ్చు. గానీ కాగితం మీద లేని అడ్డం ఒకటున్నది. నేను ఊర్లపొంటి తిరిగేటోన్ని, నాకు ఎదురైన కథలు అన్ని ఒక్క తీరుగనే ఉంటయి. "పోటీ జేస్తె జెయ్యి, మళ్ల బడికి రాకు" అని మేనేజ్‌మెంట్ నోటి మాట. అపాయింట్‌మెంట్ ఆర్డరే లేని నౌకరి నుంచి తీసేసిన్రని ఎవనికి ఫిర్యాదు చేస్తరు? ఎమ్మెల్సీ ఓటు నమోదుకు బడి పెద్దసారు సంతకం కావాలె, ఆ సంతకం గూడ యజమాని మర్జీ మీదనే దొరుకుతది.

వీళ్లకు గొంతు లేకుంటె ఏమైతదో కరోనా చూపిచ్చింది. బడులు మూతబడి నెలల తరబడి జీతాలు లేక సార్లు కూరగాయలు అమ్మిన్రు, ఉపాధి హామీ పనికి పోయిన్రు. 2021 ఏప్రిల్‌ల అప్పటి సర్కారు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తమన్నది. ఆపతిల అది గూడ ఆసరనే, కాదన. గానీ కనీస జీతం, పీఎఫ్, తీసేసేటప్పుడు నోటీసు అసొంటి మాటలు ఆనాడు సభల గట్టిగ ఎవలు మాట్లాడిన్రు? పీఆర్సీ, డీఏ, సీపీఎస్, 317 జీవో మీద మాట్లాడేటోళ్లు ఉన్నరు, అవి గూడ న్యాయమైన సమస్యలే. ప్రైవేటు టీచర్ సమస్య మాత్రం ఓట్ల ముందు దినం వాట్సాప్ మెసేజ్‌లనే కనపడ్తది.

ఒక టీచర్‌కు తొవ్వ దొరికితె ఏం జరుగుతదో సూడుండ్రి. మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఒడిశాల రాయ్‌రంగ్‌పూర్ కాడ శ్రీ అరవిందో బడిల పాఠాలు చెప్పిన్రు. 1997ల అదే పట్నంల కౌన్సిలర్‌గ గెలిచిన్రు. 2000ల ఎమ్మెల్యే అయిన్రు, మంత్రి అయిన్రు. 2022ల రాష్ట్రపతి అయిన్రు. ఆ పార్టీ మీకు నచ్చచ్చు, నచ్చకపోవచ్చు, అది వేరే ముచ్చట. ఆమె చెప్పింది సర్కారు బడిల గాదు గాబట్టి పోటీకి చట్టం అడ్డం రాలేదు. అదే ఆమె సర్కారు బడిల పర్మినెంట్ టీచరై ఉంటె, కౌన్సిలర్ సీటు కోసం నౌకరి ఇడిసిపెట్టేదా?

ఇంకో సంగతి. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ మనోజ్ ఝా 2018 నుంచి రాజ్యసభల ఉన్నరు. సెంట్రల్ యూనివర్సిటీల పాఠం చెప్పేటోళ్లకు పోటీ చేసే వీలున్నది, నౌకరి పోదు. ఢిల్లీల ప్రొఫెసర్ పార్లమెంటుల కూసుంటె చదువు చెడిపోదట గానీ, మన ఊరి ఎస్జీటీ వార్డు మెంబర్ అయితె చెడిపోతదా?

ఇగ ముందుగాల చెప్పిన సగం న్యాయం కాడికి వస్త. సర్కారు టీచర్లు పోటీల దిగితె బడి పార్టీ ఆఫీస్ అయితదని భయం ఉన్నది. అది ఉత్త భయం గాదు. పైరవీలు చేసుకుంట బడికి రాని సార్లను మనం చూడలేదా? క్లాసుల ఉన్న పిల్లలు ఏ ఇంటోళ్లో, ఏ కులమో చూసి సారు మాట్లాడితె ఆ బడి ఆగమైతది. ఎన్నికల డ్యూటీ చేసేటోడే అభ్యర్థి అయితె నమ్మకం ఉండదు. కేరళల ఎయిడెడ్ బడి టీచర్లకు పోటీ చేసే వెసులుబాటు ఏండ్ల తరబడి ఉండె. 2021ల అక్కడి హైకోర్టు దాన్ని కొట్టేసింది. పిల్లల చదువు దెబ్బ తింటదన్న వాదన అండ్ల బలంగనే వినవడ్డది.

గందుకే నేను అడిగేది నౌకరి చేసుకుంట రాజకీయం గాదు. జీతం లేని సెలవు. నామినేషన్ వేసే ముందే సెలవుల పోవాలె, బడి గేటు లోపటికి రావద్దు, ఎన్నికల డ్యూటీ ఉండద్దు. ఓడిపోతె వేరే మండలంల పోస్టింగు తీసుకొని పాఠం చెప్పుకోవాలె. గెలిస్తె పదవీకాలం అయ్యేదాక ఆ పోస్టుల వేరే టీచర్‌ను పెట్టాలె. పిల్లలకూ నష్టం లేదు, సారుకూ బతుకు భయం లేదు.

ఇది కానిది గాదు. అసెంబ్లీ, మండలి ఎన్నికలకు 191వ అధికరణే ఒక కిటికీ పెట్టింది. ఫలానా పదవి ఉన్నా అనర్హత రాదని రాష్ట్ర శాసనసభ చట్టం చేసుకోవచ్చు. ఈ కిటికీల నుంచి ఇప్పటికే శానామంది దూరిన్రు. రాష్ట్రాలల్ల కార్పొరేషన్ చైర్మన్ల పదవులకు గీ మినహాయింపులే ఇచ్చుకున్నరు. నాయకులకు ఇచ్చుకున్నది, సెలవుల ఉన్న టీచర్‌కు ఇయ్యరాదా? సర్పంచ్, ఎంపీటీసీ ఎన్నికల సంగతంటరా, ఆ పంచాయితీరాజ్ చట్టం రాష్ట్రం చేతిలనే ఉన్నది. సర్వీసు నియమాలు గూడ రాష్ట్రమే మార్చుకోవచ్చు. ప్రైమరీ టీచర్లకు ఓటు ఇచ్చుడు మాత్రం పార్లమెంటు పని. దానికి గూడ రాజ్యాంగ సవరణ అక్కర లేదు. మండలి కూర్పును పార్లమెంటు మామూలు చట్టంతోని మార్చచ్చని 171ల రెండో క్లాజులనే ఉన్నది. మండలి ఎన్నికకు ఖర్చు హద్దు పెట్టుడు గూడ ఢిల్లీల కావాల్సిన పనే.

టీచర్ అయినంత మాత్రాన మంచి నాయకుడు అయితడని నేను అనను. గెలిచినంక ఎవల దిక్కు నిలవడ్డరన్నదే అసలు లెక్క. ఆంధ్రప్రదేశ్‌ల ఉభయ గోదావరి జిల్లాల టీచర్ ఎమ్మెల్సీ షేక్ సాబ్జీ 2023 డిసెంబర్ 15న రోడ్డు ప్రమాదంల చనిపోయిన్రు. ఆ రోజులల్ల అంగన్‌వాడీలు సమ్మెల ఉండిరి, ఆయన వాళ్లకు అండగ తిరుగుతుండె. అంగన్‌వాడీ ఆయమ్మకు టీచర్ ఎమ్మెల్సీ ఓటు లేదు. అయినా ఆమె కోసం నిలవడ్డ మనిషిని టీచర్ సీటు పంపింది. మనకు కావాల్సింది ఇసొంటి ప్రతినిధులే. ఇసొంటోళ్లు ఎక్కువ రావాలంటె పోటీల దిగే తొవ్వ పెద్దగ కావాలె.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాక మన ఊర్లకు సర్పంచులే లేకుంట స్పెషలాఫీసర్లతోని నడిచింది. ఇగ ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికలు ఎప్పుడొచ్చినా మీ ఊరి ప్రైవేటు బడి టీచర్ ఎవలన్న నిలవడ్తె కులం అడగకుండ్రి, పైసలెన్ని ఉన్నయని అడగకుండ్రి. "మన ఊరి బడిల ఎంతమంది పిల్లలున్నరు, ఎంతమంది మానేసిన్రు, ఎందుకు మానేసిన్రు" అని అడుగుండ్రి. తడుముకోకుంట చెప్పినోళ్ల ఎంట నడువుండ్రి. ఆ టీచర్‌ను బడి నుంచి తీసేస్తమని ఎవలన్న బెదిరిస్తె పదిమంది కలిసి పోయి మేనేజ్‌మెంట్‌తోని మాట్లాడుండ్రి. మన పిల్లల ఫీజుల మీద నడిచే బడి అది, మన మాట ఇనక తప్పదు.

టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికలు వస్తె ఓటు మీది కాదని ఊకోకుండ్రి. మీకు చదువు చెప్పిన సార్లకు ఆ ఓటు ఉన్నది. ఒక్క ఫోన్ చేసి, ప్రైమరీ టీచర్ ఓటు మీద, పోటీకి సెలవు మీద, ప్రైవేటు టీచర్ జీతం మీద ఏ అభ్యర్థి ఏమంటున్నడో అడగమనుండ్రి. జవాబు కాగితం మీద రాసి సంతకం పెట్టినోళ్లకే మొదటి ప్రాధాన్యత ఓటు వెయ్యమనుండ్రి.