వేలికి రేటు కట్టారు, మా నడుముకు కట్టరా?

బొటనవేలు పోతే 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14. చిటికెనవేలు పోతే 7. కార్మికుడి ఒంట్లో ఏ ముక్క పోతే సంపాదన ఎంత పోయినట్టో 1923 నాటి నష్టపరిహార చట్టం పట్టీ వేసి పెట్టింది. ఆ పట్టీని పైనుంచి కిందదాకా వెతకండి. నడుము కనపడదు, వెన్నుపూస కనపడదు. ఆ చట్టాన్ని 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు. పేరు మారింది గానీ పట్టీలో నడుముకు చోటు రాలేదు. వృత్తి రోగాల జాబితా ఇంకోటుంది. అందులో సీసం విషం ఉంది, దూది దుమ్ముతో వచ్చే రోగం ఉంది. బస్తాలు మోసి మోసి జారిపోయిన డిస్కు అందులోనూ లేదు.

ఎందుకు లేదు? యంత్రం కోస్తే రక్తం కనపడుతుంది, బస్తా కోసేది కనపడదు. పైగా బస్తా కింద వంగేది ఎవరు? ఏ మార్కెట్ యార్డుకైనా, ఏ రైస్ మిల్లుకైనా వెళ్ళి ముఠాలో పేర్లు అడగండి. మాలలు, మాదిగలు, బీసీల్లో అట్టడుగు కులాలు. అట్నే కాటా పక్కన కుర్చీలో కూచున్న గుమస్తా ఏ కులమో కూడా అడిగి రండి.

కేసు ఎట్లా నడుస్తుందో చెప్తాం. కోస్తా జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. ఆ బస్తా కింద మన హమాలీకి మొదటిసారి నడుం పట్టేస్తుంది. మిల్లు గుమస్తా నోటు ఒకటి చేతిలో పెట్టి ‘రెండ్రోజులు పడుకోరా’ అంటాడు. మన మనిషి నూనె రాసుకుని, నొప్పి బిళ్ళలు మింగి, నాలుగోనాడు మళ్ళీ బస్తా కిందకి పోతాడు. ఎక్కడా రాత లేదు. ఆర్నెల్లకు మళ్ళీ అదే. మూడోసారి లారీకి వేసిన బల్ల మీద నడుం కలుక్కుమంటుంది, కాలు మొద్దుబారుతుంది, ఇక లేవలేడు.

అప్పుడు కేసు వేస్తే యజమాని తరపు వకీలు లేచి, అసలు ప్రమాదమే జరగలేదు, ఇది పాత నొప్పి అంటాడు. స్కానింగు కాగితం ఎత్తి చూపిస్తాడు: ‘అరుగుదల’ అని ఉంది, వయసు వల్ల వచ్చిందే అంటాడు. అదీ నిలవకపోతే ‘తాగి ఉన్నాడు’ అంటాడు. మా వాళ్ళ మీద వెయ్యడానికి ఆ మాట ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది కదా!

మొదటి రెండుసార్లు కాగితం మీద పడకుండా చూసింది వాళ్ళే. కాగితం లేదు కాబట్టి ప్రమాదం లేదనేదీ వాళ్ళే. మళ్ళీ పాత నొప్పి అని చెప్పాల్సొచ్చినప్పుడు ఆ రెండుసార్లూ బ్రహ్మాండంగా గుర్తుకొస్తాయి. సరే, పాత నొప్పే అనుకుందాం. ఎవరి బస్తాల కింద పాతబడింది?

ఈ వాదన వందేళ్ళ కిందటే ఓడిపోయింది. మన చట్టానికి నమూనా ఇంగ్లండు చట్టం. 1903లో అక్కడి ప్రభువుల సభ ముందుకొచ్చిన కేసులో, యంత్రం చక్రం బలంగా తిప్పుతుండగా కార్మికుడికి పేగు జారింది. ఏదీ విరగలేదు, ఎవరూ కింద పడలేదు. అయినా అది ప్రమాదమేనన్నారు. 1910లో ఇంకో కేసు. గుండె దగ్గరి రక్తనాళం అప్పటికే ఉబ్బి, పగలడానికి సిద్ధంగా ఉన్న మనిషి నట్టు బిగిస్తూ చనిపోయాడు. లోపల పాత జబ్బు ఉన్నా పని పెట్టిన ఒత్తిడికే ప్రాణం పోయింది కనక పరిహారం ఇవ్వాల్సిందే అన్నారు. తెల్లదొరల ప్రభువుల సభకు అర్థమైంది మన మిల్లు ఓనర్లకు అర్థం కాదట.

తర్వాత శాతం గొడవ. డాక్టరు ‘20 శాతం వైకల్యం’ అని రాస్తాడు, డబ్బు ఆ 20కే లెక్కకడతారు. ఇక్కడే మోసపోతున్నాం. చూడాల్సింది ఒంట్లో ఎంత పోయిందని కాదు, సంపాదించే శక్తి ఎంత పోయిందని. ఎడమచెయ్యి మోచేతి పైదాకా తీసేసిన ఒడిశా వడ్రంగి కేసులో 1975లో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది: ఒంటిచేత్తో వడ్రంగం సాగదు, కాబట్టి నష్టం నూటికి నూరు. మరి నడుం వంగని హమాలీ ఏం మొయ్యాలి? కుర్చీలో కూచునే ఉద్యోగం ఇస్తారా మన మనిషికి? ఇంకో సంగతి, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమయ్యాడని తేలితే తాగుడు వంక చట్టం ముందు చెల్లదు. అందుకే వాళ్ళు 20 దగ్గర అంత గట్టిగా పట్టుకుని కూచుంటారు.

1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో అంబేద్కర్ ఒక లెక్క చెప్పారు. మనవాళ్ళు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే ముసలివాళ్ళవుతున్నారు, పోర్టరు పని కూడా దొరకదు, ఎందుకంటే పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్లోనూ పని చెయ్యాలి కదా. బరువు పనిలోకి తోసేదీ కులమే, అందులోంచి బయటికి రానివ్వనిదీ కులమే. ఎర్రజెండా అన్నలు బస్తా రేటు మీద సమ్మెలు చేశారు, కాదనం. కానీ బస్తా బరువు మీద, నడుము మీద ఎన్ని సమ్మెలు చేశారో వాళ్ళే చెప్పాలి. ముఠా, జట్టు, హమాలీల కోసమని 1976లో మన రాష్ట్రంలో ఒక చట్టమే వచ్చింది. మీ యార్డులో దాని పేరు విన్నవాళ్ళు ఎందరున్నారు?

ముఠా మేస్త్రీలకు మేం చెప్పేదొకటే. నడుం పట్టిన మొదటిరోజే రాయండి. నోట్‌బుక్ ఒకటి ముఠాదే పెట్టుకోండి. తేదీ, సరుకు, బస్తా బరువు, ఎవరి సరుకు, చూసిన ఇద్దరి పేర్లు రాయండి. మందుల షాపుతో ఆగకుండా సర్కారు ఆస్పత్రికి పోయి ‘బస్తా ఎత్తుతుంటే పట్టింది’ అని ఓపీ చీటీలో రాయించుకోండి. ఒక నకలు యజమానికిచ్చి సంతకం తీసుకోండి. పెట్టనంటే, పెట్టనన్నాడని ఆ మాట కూడా కింద రాయండి.