ఎర్ర దీపం ఎందుకు ఆరుతుంది?

పిల్లలూ! జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బజార్లలో ఎక్కడైనా పాత జావా మోటారుసైకిలు కనబడితే ఆగి చూడండి. మైసూరులో 1961లో వీటి తయారీ మొదలైంది. తాళంచెవి తిప్పగానే చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. ఇంజను వేగం అందుకోగానే ఆరిపోతుంది. దీపం ఆరటం ఇక్కడ మంచి శకునమే!

బండిలో 6 వోల్టుల బ్యాటరీ వుంటుంది: మూడు అరలు, అరకు 2 వోల్టులు. హారనుకూ, లైటుకూ, ఇంజనులో నిప్పురవ్వకూ కరెంటు ఇచ్చి ఇచ్చి అది ఖాళీ అయిపోదూ? అందుకే ఇంజనుతోపాటు తిరిగే డైనమో దానిని మళ్ళీ నింపుతూ వుంటుంది.

అయితే ఇంజను నెమ్మదిస్తే డైనమో బలం బ్యాటరీకంటె తగ్గుతుంది. అప్పుడు కరెంటు వెనక్కు, డైనమోలోకి పారాలని చూస్తుంది. మీ బావి మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వు వుంటుంది కదా? ఎక్కిన నీళ్ళను బావిలోకి జారనివ్వదు. అలాంటి తలుపే ఇక్కడ "కటౌట్". డైనమో బలం పుంజుకోగానే తీగచుట్ట అయస్కాంతమై ఇనుపరేకును లాగి రెండు మొనలను కలుపుతుంది. బలం తగ్గగానే స్ప్రింగు వాటిని విడదీస్తుంది. ఎంత చక్కని ఉపాయం!

మరి ఎర్ర దీపం? దాని ఒక తీగ బ్యాటరీవైపుకూ, రెండవది డైనమోవైపుకూ పోతాయి. రెండు వైపులా బలం సమానమైతే కరెంటు ఎటూ పారదు, దీపం ఆరుతుంది.

రాత్రి కోరుట్లనుంచి జగిత్యాల వస్తూండగా అది వెలిగే వున్నదనుకోండి. బ్యాటరీ నిండటం లేదన్నమాట! కాసేపటికి లైటు మసకబారుతుంది, ఆ తరువాత నిప్పురవ్వా పోతుంది. కటౌట్ మొనలు అతుక్కుపోతే మరీ ప్రమాదం: ఇంజను ఆపినా కరెంటు పారుతూనే వుండి తీగలు కాలవచ్చు. అందుకే తెలిసిన మెకానిక్కు ముందుగా బ్యాటరీ తీగ విప్పి, ఆ తరువాతనే కటౌట్ మూత తీస్తాడు. మీరు మాత్రం దూరంనుంచే చూడండి. బ్యాటరీలో గంధకామ్లం వుంటుంది.