పంపానన్నదీ నిజమే, రాలేదన్నదీ నిజమే

యీ శీర్షికకు వచ్చే జాబుల్లో తగువులు తీర్చమని అడిగేవి తక్కువేమీ కావు. ఆస్తి తగువులూ, ఆడబిడ్డల తగువులూ నా శక్తికి మించినవి కనుక వాటి జోలికి పోను. కాని యీ వారం కాకినాడ నుంచి ఒక సోదరి రాసిన తగువు తీర్చదగినదే. పైగా అది ఆ ఒక్క యింటిదే కాదు.

ఆమె కొడుకూ కోడలూ జర్మనీలో వున్నారు. కోడలికి నెలలు నిండుతున్నాయి, అత్తగారు పురిటికి వెళ్లాలి. వీసాకు కావలసిన ఆహ్వానపత్రమూ, ఇన్సూరెన్సు కాగితమూ కోడలు తన ఆఫీసు కంప్యూటరు నుంచి మెయిలులో పంపింది. వీసా ఆఫీసుకు వెళ్లవలసిన గడువు నాలుగు రోజులే వున్నది. మెయిలు వచ్చింది. దాని కింద కాగితాలకు బదులు ‘విన్‌మెయిల్ డాట్ డి.ఎ.టి.’ అనే పేరుతో ఏదో వున్నది. ఎంత నొక్కినా తెరుచుకోదు.

“కాగితాలు రాలేదమ్మా” అని అత్తగారు. “నిన్ననే పంపాను అత్తయ్యగారూ, యిక్కడ నాకు శుభ్రంగా కనిపిస్తున్నాయి” అని కోడలు. మళ్లీ పంపింది, మళ్లీ అదే. మూడోసారికి యిద్దరి గొంతులూ మారాయి. “నేను రావడం ఆ పిల్లకు యిష్టం లేదేమోనని కూడా అనిపించింది” అని ఆ సోదరి దాపరికం లేకుండా రాశారు.

పత్రిక అచ్చయ్యేదాకా ఆగే పని కాదు గనుక ఆమెకు వెంటనే జవాబు పంపాను. అందులో అందరికీ పనికివచ్చే భాగం యిది.

ముందు తీర్పు చెబుతాను. అత్తా కోడలూ యిద్దరూ నిజమే చెప్పారు. కాగితాలు వచ్చాయి, చెడిపోనూ లేదు. చిక్కంతా మూట కట్టిన తీరులో వున్నది.

ఈమెయిలు పుట్టినప్పుడు అది వట్టి అక్షరాల బండి. 1982లో కుదిరిన నియమాల ప్రకారం యింగ్లీషు అక్షరాలూ, అంకెలూ, కొన్ని గుర్తులూ తప్ప అందులో మరేమీ ఎక్కవు. ఫోటోలు, పాటలు పంపడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ‘మైమ్’ అనే పేరుతో 1992లో వచ్చింది. దాన్ని రూపొందించినవారు నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్. పద్ధతి సులువే. పొట్లం మీద ‘యిది బొమ్మ’, ‘యిది పాట’ అని చీటీ అంటించి, లోపలి సరుకునంతా మామూలు అక్షరాలుగా మార్చి పంపుతారు. మూడు పాళ్ల సరుకు నాలుగు పాళ్ల అక్షరాలవుతుంది. అందుకే 18 మెగాబైట్ల కాగితం దారిలో సుమారు 24 అయి కూర్చుంటుంది, ‘బరువెక్కువ’ అని వెనక్కి వస్తుంది.

మైక్రోసాఫ్ట్ వారి ఔట్‌లుక్‌లో మాత్రం మరో ముడి కూడా వున్నది. ‘రిచ్ టెక్స్ట్’ అనే తరహాలో జాబు రాస్తే, అక్షరాల సొగసులూ, జతచేసిన కాగితాలూ అన్నీ కలిపి ఒకే మూటగా కట్టేస్తుంది. ఆ మూటే విన్‌మెయిల్. అవతల కూడా ఔట్‌లుక్ వుంటే ముడి యిట్టే విప్పుకుంటుంది. వేరే మెయిలు పెట్టె అయితే కొన్ని విప్పగలవు, కొన్నింటికి చేతకాదు. దేవుడు వరమిచ్చినా పూజారి యివ్వలేదన్నట్టు!

దీనికి మందు పంపేవారి దగ్గరే వున్నది. పాత తరహా ఔట్‌లుక్‌లో జాబు రాసేటప్పుడు ‘ఫార్మాట్ టెక్స్ట్’ అన్నచోట రిచ్ టెక్స్ట్ తీసేసి ‘హెచ్‌టిఎమ్‌ఎల్’ గాని ‘ప్లెయిన్ టెక్స్ట్’ గాని ఎంచుకోవాలి. అప్పటికీ మూటే వస్తుంటే ఆఫీసు సర్వరే అలా కడుతున్నదన్నమాట. ఆ సంగతి అక్కడి కంప్యూటరు విభాగం వారికి చెప్పాలి. ఆత్రంగా వున్నప్పుడు సొంత మెయిలు నుంచి పంపితే సరిపోతుంది. కాకినాడ కోడలు అదే చేసింది. కాగితాలు ఆ సాయంత్రమే తెరుచుకున్నాయి.

అందుకునేవారు చేయకూడనివి రెండు. ఆ సోదరి చిన్నబ్బాయి చేసినట్టు పేరు చివర ‘పిడిఎఫ్’ అని మార్చినంత మాత్రాన లాభం లేదు. బియ్యం డబ్బా మీద పంచదార అని రాస్తే పాయసం తియ్యనవుతుందా? రెండోది, మూట విప్పిపెడతామనే ముక్కూ మొహం తెలియని వెబ్‌సైట్లకు పాస్‌పోర్టు వంటి కాగితాలు అప్పగించకండి.

తెరుచుకోనివన్నీ విన్‌మెయిళ్లే కావు. 2017 నుంచి ఐఫోన్లు ఫోటోలను ‘హెచ్‌ఇఐసి’ అనే పొదుపు రూపంలో దాచుతున్నాయి. అవి కొన్ని పాత కంప్యూటర్లకు అర్థం కావు. ‘జెపెగ్’ రూపంలో పంపమని అడగండి. మన తెలుగుకు మరో బాధ వున్నది. ప్రెస్సువారు అను ఫాంట్లలో కూర్చిన శుభలేఖ, ఆ ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. అచ్చుకు ముందు తప్పులు దిద్దడానికి పిడిఎఫ్ అడగండి, లేదా యూనికోడ్ తెలుగులో పంపమనండి.

కొన్ని తెరుచుకోకపోవడమే మేలు. పేరు చివర ‘ఇ.ఎక్స్.ఇ.’ అని వుంటే అది కాగితం కాదు, మీ కంప్యూటరులో పని మొదలుపెట్టే ప్రోగ్రాము. పేరు మధ్యలో పిడిఎఫ్ అని వున్నా మోసపోకండి, చివరి మాటే లెక్క. తెలిసినవారి పేరుతో వచ్చినా ఫోను చేసి కనుక్కున్నాకే ముట్టుకోండి.

కనుక తెరుచుకోని కాగితం మీద మాటా మాటా పెరగకముందే రెండు ప్రశ్నలు వేసుకోండి. దాని పేరు చివర ఏమున్నది? పంపినవారు దేనిలోంచి పంపారు? ఆ రెండూ ఫోనులో చెప్పుకుంటే చాలు, తగువు చాలామటుకు అక్కడే తీరుతుంది.