తల్లికి తెలిస్తే సరిపోతుందా?

పిల్లల పోషకాహారం మాట రాగానే మనలో చాలామంది అనేది ఒక్కటే: "తల్లులకి అవగాహన లేదండీ, అది కల్పిస్తే చాలు." నేనూ అలాగే అనుకునేవాణ్ణి, మా అక్కకి పాప పుట్టేదాకా.

అక్క ఎంటెక్ చదివింది. పాపకి ఆరు నెలలు నిండగానే మెత్తగా కలిపిన పప్పన్నం, ఉడికించిన గుడ్డు మొదలుపెట్టమన్నారు డాక్టరుగారు. "ఏడాదైనా నిండకుండా గుడ్డేంటమ్మా, అరగదు" అని అత్తగారు తేల్చేశారు. సరుకులు తెచ్చే బావగారు వాళ్ళమ్మ మాట కాదనరు. ఇక్కడ అవగాహనకేం లోటు?

ఇది మా ఇంటి గోల మాత్రమే కాదు. తమిళనాడులో 1980లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఒక పోషకాహార పథకం మొదలైంది. నెలనెలా పిల్లల బరువు తూచడం, సరిగ్గా పెరగనివాళ్ళకి కొన్నాళ్ళు అదనపు ఆహారం ఇవ్వడం, తల్లులకి సలహాలు చెప్పడం. అది బాగా పనిచేసిందని పేరొచ్చింది. అదే తరహా పథకాన్ని 1995లో బంగ్లాదేశ్‌లో పెట్టారు. అక్కడ అనుకున్నంత ఫలితం రాలేదు. మన భాషలో చెప్పాలంటే "నా మెషీన్‌లో పనిచేసింది కదా" కేసన్నమాట.

ఎందుకిలా అయిందో ప్రపంచ బ్యాంకు మూల్యాంకన విభాగమే 2005లో చెప్పింది. బంగ్లాదేశ్ పల్లెల్లో బజారుకెళ్ళేది ఎక్కువగా మగవాళ్ళు. ఉమ్మడి కుటుంబమైతే వంటింటి పెత్తనం అత్తగారిది. సలహాలేమో తల్లికి చెప్పారు! పైగా పథకం ఇచ్చిన తిండి కొంతవరకు ఇంటి తిండికి తోడు కాకుండా దాని బదులుగా మారింది.

అందుకే పథకంలో ఉన్న పిల్లల్నీ లేని పిల్లల్నీ పక్కపక్కన పెట్టి బరువు తేడా చూపిస్తే నేను నమ్మను. క్రమం తప్పకుండా కేంద్రానికి రాగలిగే తల్లికి చదువో, తీరికో, ఇంట్లో వాళ్ళ సాయమో ముందే ఉండొచ్చు. అప్పుడు పథకం ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. బాగా బక్కచిక్కిన పిల్లల్నే ఏరి చేర్చుకుంటే దండగలా కనిపిస్తుంది. తల్లి చదువు, ఎత్తు, కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం, ఇంట్లో మంచినీళ్ళు, మరుగుదొడ్డి... ఇవేవీ లెక్కలోకి తీసుకోకపోతే ఆ గ్రాఫు అందంగా ఉంటుందంతే.

తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మిలో నాకు నచ్చింది ఇదే. గర్భిణులకీ బాలింతలకీ ఒక పూట భోజనం, గుడ్డు, పాలు అంగన్‌వాడీలోనే పెట్టాలన్నది ఆలోచన. ఇంటికి పంపితే పదిమందికీ పంచేసే మనిషి, అక్కడ కూర్చుంటే కనీసం తన వాటా తను తింటుంది. అయితే "మధ్యాహ్నం అక్కడ తిన్నావుగా" అని రాత్రి ఇంట్లో తగ్గిస్తే? కూలికెళ్ళే ఆవిడ మధ్యాహ్నం రాలేకపోతే? ఇవి ఇంటికెళ్ళి అడిగితేగానీ తెలియవు.

మనలో చాలామంది ఏదో ఒక సంస్థకి విరాళమిస్తాం. ఈసారి "ఎంతమంది తల్లులకి శిక్షణ ఇచ్చారు?" అని అడిగి ఊరుకోకండి. ఆ ఇంట్లో ఎవరు కొంటారు, ఎవరు వడ్డిస్తారు, చివర్లో తినేదెవరు అని కూడా అడగండి.

అన్నట్టు, మా అక్క తర్వాతిసారి డాక్టరు దగ్గరికి అత్తగారినే తీసుకెళ్ళింది. ఆయన చెప్పాల్సిందంతా ఆవిడకే చెప్పారు. ఆ వారంలోనే పాపకి గుడ్డు మొదలైంది, అదీ అత్తగారి చేత్తోనే.